షావుకారుగారి అరికాలు

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీరు పెరుగుతున్న ఊళ్ళో బియ్యం సంచుల్లో కనిపిస్తాయి తప్ప రోడ్డు మీద ధాన్యం కనిపించదు. ఆకివీడు చుట్టుపక్కల పల్లెల్లో రెండో పంట దాళ్వా కోతలయ్యాయంటే తారురోడ్డుకు ఒక పక్కంతా ధాన్యమే. బరకాలు పరిచి, పలచగా పోసి ఎండబెడతారు. గంటకోసారి ఎవరో ఒకరు చెప్పులు విప్పి, పాదాలు ఈడ్చుకుంటూ ఆ ధాన్యంలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తారు. నడిచినచోట చాళ్ళు పడి, అడుగున ఉన్న గింజ పైకొస్తుంది. అలా ఏళ్ళ తరబడి నడిచినవాళ్ళ అరికాలికి గింజ ఎండిందో లేదో తెలిసిపోతుంది.

ఇంతవరకూ నిజం. కోతలు ముందున్నాయి. ఏది కోతో ఏది నిజమో ఎక్కడికక్కడ చెప్పేస్తాను. నవ్వు పాడవుతుందని మీరు విసుక్కున్నా సరే. ఆ రెంటికీ తేడా ఒప్పుకోకే ఒక మనిషికి కాలు పోయేంత పనయింది.

ఆయన నాగభూషణరావుగారు. మీకు తాత వరస. వయసు డెబ్బై ఒకటి. నలభై ఏళ్ళు తాడేపల్లిగూడెం మిల్లులకు ధాన్యం కొనిపెట్టారు కాబట్టి ఊరంతటికీ షావుకారుగారు. మిగతా వ్యాపారులు గింజ కొరికి చూస్తే, ఈయన చెప్పులు విప్పి రాశి మీద నిలబడేవారు. కళ్ళు మూసుకుని "పదిహేడు" అనేవారు. తర్వాత తేమ చూసే మిషను పెడితే పదహారున్నరో పదిహేడో చూపించేది. ఇది కూడా నిజమే. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ రోజు ఏప్రిల్ నెల, ఉదయం పదకొండు దాటింది. రోడ్డుకు ఇవతల సుబ్బాయమ్మ టీకొట్టు, అవతల ఆరోగ్యకేంద్రం. ఊళ్ళో అరవై దాటినవాళ్ళందర్నీ నర్సు హన్నమ్మ ఆ పూట రమ్మంది. బీపీ, షుగరు చూస్తుంది. చేతులు ఊనకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమంటుంది. చివర్లో పాదాలు చూస్తుంది. పిలుపు వచ్చేదాకా జనం టీకొట్టు పందిరి నీడలో కూర్చున్నారు. షావుకారుగారు వచ్చి, గ్లాసులు పెట్టే బల్ల వెనకాల బెంచీ మీద కూర్చున్నారు. ఆయనకు ఎదురుగా టైలరు ఖాదర్, ఖాదర్ భార్య చాంద్ బీ.

టీ గ్లాసు చేతికి అందిందో లేదో, అవతలి వరండాలోంచి హన్నమ్మ గొంతు వినిపించింది.

"నాగభూషణరావుగారూ!"

ఆయన గ్లాసుని రెండు చేతులతోనూ పట్టుకున్నారు.

"ముందు ఆడవాళ్ళని చూడమ్మా!" అని కేకేశారు. "ఎండలో నిలబడలేరు పాపం. నాదేముంది, గుండ్రాయిని!"

హన్నమ్మ నవ్వి ఇంకెవర్నో పిలిచింది. షావుకారుగారు ఊపిరి వదిలారు.

ఆయన భయం ఏమిటో మీకు ముందే చెప్పాలి, లేకపోతే ఆ తర్వాత ఆయన మాట్లాడిందంతా ఉత్త డాబులా వినిపిస్తుంది. రెండేళ్ళ క్రితం ఒక ఉదయం మంచం దిగితే కాలికీ నేలకీ మధ్య పలచగా దూది పరిచినట్టు అనిపించింది. చెప్పులు తడిశాయేమో అనుకున్నారు. దూది మందమవుతూ వచ్చింది. పోయిన దాళ్వాకి ఒక రాశి మీద నిలబడితే ఏమీ తెలియలేదు. ఇసక మీద నిలబడ్డా, మంచు మీద నిలబడ్డా అంతే అన్నట్టు ఉంది. గుడ్డిగా "పద్దెనిమిది" అన్నారు. మిషను ఇరవై రెండు చూపించింది. మిషను చెడిపోయిందని దాన్ని తిట్టి ఇంటికొచ్చేశారు. మళ్ళీ ఏ రాశీ ఎక్కలేదు. చలికాలంలో ఒకరోజు స్నానం చేసి వస్తే భార్య రత్నాంబగారు ఆయన కాళ్ళు చూసి, "ఏవండీ, ఇలా కందిపోయేంత వేడినీళ్ళు ఎలా పోసుకున్నారండీ?" అని అడిగింది. "నాకు వేడే ఇష్టం" అన్నారాయన.

షుగరు పన్నెండేళ్ళుగా ఉంది. మాత్రలు గుర్తొస్తే వేసుకునేవారు.

మరి నర్సు దగ్గరికి వెళ్ళొచ్చు కదా అంటారు. వెంకట్రాజు ఉన్నాడు కదా, అందుకే వెళ్ళలేదు. వెంకట్రాజు ఆయన దగ్గర ముప్పై ఏళ్ళు కాటా వేసిన మనిషి. బొటనవేలి మీద పుండు లేస్తే ఏలూరు తీసుకెళ్ళారు. అక్కడ పాదానికి ఏదో తాకించి, "తెలుస్తోందా?" అని అడిగారట. తెలియలేదన్నాడట. పన్నెండో రోజున మోకాలి కింద నుంచి కాలు లేకుండా ఇంటికొచ్చాడు. షావుకారుగారి బుర్రలో ఇది ఒక వరసలో కూర్చుంది. ముందు పరీక్ష, తర్వాత కాలు పోవడం. పరీక్ష లేకపోతే కాలు ఉండేది. ఎంత తెలివైన మనిషి! భయం పట్టుకుంటే అంత తెలివీ ఇలాంటి వరసలు కట్టడానికే పనికొస్తుంది.

"నిన్న మా రత్నాంబ కూడా గొడవ," అని మొదలుపెట్టారాయన, "వెళ్ళి పాదాలు చూపించుకోండి చూపించుకోండి అని. ఈ పాదాలకు ఒకళ్ళు పరీక్ష పెట్టడమేంటే, ఇవే ఊళ్ళోవాళ్ళ ధాన్యానికి పరీక్ష పెట్టాయి కదే అన్నాను. ఏం ఖాదరూ, నీకు తెలుసుగా?"

"ఆయ్, తెలుసండి," అన్నాడు ఖాదర్.

"గూడెం మార్కెట్ యార్డులో ఒకసారి మిషను మొరాయించిందండీ. దెందులూరు రైతు ఒకాయన పొద్దుటి నుంచి లోడు పెట్టుకుని ఏడుపు మొహంతో నిలబడ్డాడు. నేను వెళ్ళాను, చెప్పులు విప్పాను, రాశి ఎక్కాను, 'పదహారు, దింపుకోండి' అన్నాను. అక్కడి ఆఫీసరు ఒప్పుకోలేదు. గంట తర్వాత వేరే మిషను తెచ్చి పెట్టాడు. ఎంత చూపించిందో తెలుసాండీ?"

"పదహారండీ," అంది సుబ్బాయమ్మ టీ వడగడుతూ. "ఇది మా ఆయన కూడా చెప్పేవాడు బాబాయిగారూ."

ఇది నిజం. ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అవతలి వరండాలో కుర్చీ జరిపిన చప్పుడైంది. ఆ చప్పుడుకు ఆయన మాట వేగం పెరిగింది.

"ఆ సంగతి గూడెంలో ఒక మిల్లు యజమాని చెవిన పడిందండీ. కారు పంపించి మరీ పిలిపించాడు. మిల్లు కళ్ళం మీద ఏడు రాశులు పోయించాడు, నా కళ్ళకు తువ్వాలు కట్టించాడు, 'ఏ రాశి ఏ ఊరిదో చెప్పండి చూద్దాం' అన్నాడు. మొదటిది ఎక్కాను, ఉంగుటూరు అన్నాను. రెండోది గణపవరం. మూడోది ఎక్కబోయి సగంలోనే దిగిపోయాను, 'ఇది రెండూళ్ళ సరుకు, కలిపారు' అన్నాను. మిల్లు యజమానికి చెమటలు! ఏడోది ఎక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? 'అయ్యా, ఇది నిడమర్రు స్వర్ణ రకం, కాలవ చివరి చేను, కోసినవాడికి ఆ రోజు ఒంట్లో జ్వరం' అన్నాను."

"జ్వరం కూడా తెలిసిపోయిందాండీ?" అంది చాంద్ బీ.

"కొడవలి వణికితే గింజలో తెలియదాండీ?"

"ఇప్పుడు కొడవళ్ళెక్కడివి బాబాయిగారూ," అంది సుబ్బాయమ్మ, "అంతా మిషను కోతే కదండీ."

షావుకారుగారు "మిషను నడిపినవాడికి!" అన్నారు.

పందిరంతా నవ్వింది. ఆ నవ్వులో ఆయనకు కొంచెం ధైర్యం వచ్చింది. జనం నవ్వుతున్నంతసేపూ తన కాళ్ళు తనవే అనిపించింది.

"చాంద్ బీ గారూ, రండమ్మా!" అని హన్నమ్మ పిలిచింది.

చాంద్ బీ లేచి రోడ్డు దాటింది. షావుకారుగారు ఆమెను చూడకూడదనుకుంటూనే చూశారు. వరండాలో కుర్చీ మీద కూర్చుంది. లేచింది, కూర్చుంది, లేచింది. తర్వాత కాళ్ళు ముందు స్టూలు మీద పెట్టింది. హన్నమ్మ ఏదో చెప్పింది. చాంద్ బీ కళ్ళు మూసుకుంది. హన్నమ్మ వంగింది. ఆ వంగిన వీపు తప్ప ఇంకేమీ కనబడలేదు. చేతిలో కత్తి ఉందో దారం ఉందో ఇక్కడి నుంచి తెలియదు. ఆయన టీ ఒక గుక్క తాగారు.

"ఏవండీ, ఆగిపోయారేం?" అన్నాడు ఖాదర్.

"ఎక్కడ ఆగాను? అసలుదానికి ఇప్పుడే వస్తున్నాను. ఆ పెద్ద తుపాను ఏడాది గుర్తుందా? కొల్లేరు పొంగి ఊళ్ళ మీద పడింది కదా. ఆ రోజు నేను కైకలూరు స్టేషన్లో ఉన్నాను. ఆకివీడు వైపు చూస్తే పట్టాలు లేవు, వంతెన లేదు, అంతా ఒకటే నీళ్ళు. రైలు నిండా జనం, పసిపిల్లలు, బాలింతలు. డ్రైవరు దిగొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. 'షావుకారుగారూ, మీ అరికాలు గురించి విన్నానండీ, మీరే దిక్కండీ' అన్నాడు. చూశాను. పంచె ఎగ్గట్టాను. చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాను. ఎడమ కాలు ఎడమ పట్టా మీద, కుడి కాలు కుడి పట్టా మీద..."

"పట్టాల మధ్య అంత ఎడం ఉంటుంది కదండీ?" అన్నాడు ఖాదర్. కొలతలు అతనికి చేతిలో పని.

"పరుగులో ఉన్న మనిషికి ఎడం ఏమిటయ్యా! మొలలోతు నీళ్ళలో ఇంజను ముందు నేను, నా వెనక కూత వేసుకుంటూ రైలు. పట్టా ఎక్కడ వదులైందో అరికాలికి తెలుస్తోంది, చెయ్యెత్తుతున్నాను, రైలు ఆగుతోంది, బోల్టు కాలివేళ్ళతో బిగిస్తున్నాను, చెయ్యి దించుతున్నాను, రైలు కదులుతోంది. ఉప్పుటేరు వంతెన మీదికి వచ్చాం. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? వంతెన మధ్యలో పట్టా మెత్తగా తగిలింది. ఇనుము మెత్తగా ఉండటమేంటని ఆగాను. చూస్తే పట్టా కాదు! నా ఒడ్డూపొడుగూ ఉన్న కొర్రమేను పట్టా మీద పడుకుని ఉంది. 'లే అమ్మా, రైలు వస్తోంది' అన్నాను. తోక ఆడించి పక్కకు తప్పుకుంది."

"చేపతో మాట్లాడారాండీ!" సుబ్బాయమ్మ పకపకా నవ్వింది.

నేను చెప్పక్కర్లేదు గానీ చెబుతాను. ఇది అబద్ధం. తుపాను నిజం. ఆ రోజు ఆయన కైకలూరులో లేరు, తాడేపల్లిగూడెంలో ఒక మిల్లు మేడ మీద అందరితోపాటు తడుస్తూ కూర్చున్నారు.

చాంద్ బీ తిరిగొచ్చింది. చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ భర్త పక్కన కూర్చుంది.

"ఏమందమ్మా?" అని షావుకారుగారు అడిగారు. ఏదో మాటవరసకు అడిగినట్టు ఉండాలని గ్లాసులోకి చూస్తూ అడిగారు.

"మోకాళ్ళకి ఏవో వ్యాయామాలు చెప్పిందండీ. పాదాలకి మాత్రం భలే తమాషా పరీక్షండీ. పుల్లకి గేలం దారం లాంటిది కట్టి ఉంది. కళ్ళు మూసుకోమని, అది పాదానికి తాకిస్తుంది. తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పాలి."

"తగలకపోతే?"

"తగలకపోతే కాగితం మీద రాసుకుంటుందటండీ."

"రాసుకుని?"

"అది నేను అడగలేదండీ. నాకు అన్నీ తగిలాయి కదండీ."

రాసుకుంటుంది. వెంకట్రాజుకి కూడా రాసే ఉంటారు. కాగితం మీద ఒకసారి ఎక్కితే ఇక ఆ కాగితం ఊరుకోదు, ఆకివీడు వెళుతుంది, ఏలూరు వెళుతుంది, ఎక్కడో ఒక తెల్లకోటు మనిషి దాన్ని చదివి తల ఆడిస్తాడు. తర్వాత మంచం. మంచం పక్కన రత్నాంబ. ఆవిడకే మోకాళ్ళు నొప్పులు. తనని లేపి కూర్చోబెట్టడానికి ఆవిడ రెండు చంకల కిందా చేతులు పెట్టి ఆయాసపడుతున్నట్టు కళ్ళకు కట్టింది.

"నాగభూషణరావుగారూ!" రెండో పిలుపు.

"కథ సగంలో ఉందమ్మా! జనం వదలట్లేదు!"

నిజానికి వదలనిది ఆయనే. ఈసారి గొంతు పెద్దది చేశారు. పక్క బెంచీవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"రైలుని భీమవరం చేర్చానా? చేర్చాక డ్రైవరు ఏమన్నాడో తెలుసాండీ? 'మీ అరికాలు అరికాలు కాదండీ, రేడియో' అన్నాడు. అప్పటిదాకా నాకే తెలియదు. ఆ రోజు నుంచి గమనించుకోవడం మొదలెట్టాను. మా వాకిట్లో నేల మీద కాలు పెడితే ఆకివీడులో చేపల లారీ బయల్దేరిందో లేదో తెలిసేది. లోపల బొచ్చెలున్నాయో శీలావతులున్నాయో తెలిసేది! ఏలూరు లారీ అయితే ఎడమ మడమ, భీమవరం లారీ అయితే కుడి మడమ. ఒకరోజు రెండు మడమలూ ఒకేసారి దడదడలాడాయి. ఇదేంటి లారీలు గుద్దుకుంటున్నాయా అని ఫోన్ చేస్తే, లారీలు కావు, ఎక్కడో సముద్రాల అవతల భూకంపం! టీవీలో గంట తర్వాత వచ్చింది. మొదట నా కాలికి వచ్చింది, ఆ తర్వాతే వాళ్ళ టీవీకి!"

పందిట్లో నవ్వులు. "అయితే వానెప్పుడో చెప్పండి షావుకారుగారూ!" అని ఎవరో అరిచారు. "కోడి గుడ్డు పెట్టేది చెప్పండి!" అని ఇంకొకరు.

ఖాదర్ నవ్వలేదు.

అది షావుకారుగారికి కనబడింది. ఇంతసేపూ ప్రతి మాటకూ "ఆయ్" అన్న మనిషి ఇప్పుడు ఏమీ అనడం లేదు. కళ్ళు కూడా తన మొహం మీద లేవు. బల్ల కిందికి, ఎక్కడో నేలకేసి చూస్తున్నాడు. నమ్మడం లేదు, అనుకున్నారు షావుకారుగారు. ముప్పై ఏళ్ళుగా తనకు చొక్కాలు కుట్టిన మనిషి, తన భుజం ఎంత వంగిందో తనకంటే ముందు తెలిసే మనిషి. ఇతనికి అనుమానం వచ్చిందంటే ఇక దాగదు. ఇతన్ని నమ్మించాలి. ఇంకొంచెం ఎత్తుకు వెళ్ళాలి.

"అంతెందుకు ఖాదరూ! నిన్న మధ్యాహ్నం. మా ఇంటి అరుగు మీద నిలబడ్డాను. అరికాలికి సన్నగా, లయగా, టిక్కు టిక్కు మని ఏదో తగులుతోంది. ఏమిటా అని చెవి పెట్టకుండా కాలే పెట్టి విన్నాను. నీ కుట్టుమిషను! నీ కొట్టెక్కడ, మా అరుగెక్కడ! నువ్వు అప్పుడు కుడుతున్నది జాకెట్టు. కుడి చేతికి రెండు కుట్లు తప్పు పడ్డాయి. అవునా కాదా?"

ఖాదర్ తలెత్తాడు. అతని మొహంలో వెటకారం ఏమీ లేదు. అదే షావుకారుగారిని భయపెట్టింది.

"నాగభూషణరావుగారూ!" హన్నమ్మ ఈసారి వరండా మెట్ల దాకా వచ్చి నిలబడింది. చేతిలో కాగితాల అట్ట. "ఇంక మీరొక్కరే ఉన్నారండీ. రండి!"

మూడో పిలుపు. ఇంక ఆడవాళ్ళు లేరు, టీ లేదు. తప్పించుకోవడానికి మాట మిగల్లేదు. అందరూ ఇటే చూస్తున్నారు. షావుకారుగారు లేచి నిలబడ్డారు. చెయ్యి బల్ల మీద గట్టిగా ఆనించి లేచారు. అది ఎవరికీ కనబడలేదనుకున్నారు.

"ఎందుకమ్మా నేను రావడం! కళ్ళు మూసుకుని దారం తగిలిందా లేదా చెప్పాలి, అంతేగా? దారం దాకా ఎందుకు? ఈగ వాలితే అది ఆడదో మగదో చెప్పే కాలు ఇది. ఇదిగో, అందరూ చూడండి, ఇక్కడే, అందరి ముందూ చెప్పు విప్పి చూపిస్తాను," అంటూ ఎడమ కాలు ఎత్తి బెంచీ మీద పెట్టి, చెప్పు తీయడానికి వంగారు.

"ఏవండీ షావుకారుగారూ," అన్నాడు ఖాదర్ చాలా మెల్లగా, "ఏ చెప్పు విప్పుతారండీ? మీ ఎడమ కాలికి చెప్పు లేదు కదండీ."

షావుకారుగారి చెయ్యి పాదం దగ్గర గాల్లో ఆగిపోయింది.

చూసుకున్నారు. కుడి కాలికి చెప్పు ఉంది. ఎడమ కాలు ఉత్తిదే ఉంది. బెంచీ కిందికి చూశారు, బల్ల కిందికి చూశారు.

"మీరు బల్ల వెనక కూర్చున్నారు, నాకు ఇందాక కనబడలేదండీ," అన్నాడు ఖాదర్. "మధ్యలో కాలు ముందుకు చాపినప్పుడు కనబడింది. తెగిపోతే ఎక్కడో వదిలేసి వచ్చారేమో, మీరే చెబుతారేమో అనుకున్నాను. ఇప్పుడు మీరు విప్పుతానన్నారు..."

ఇంటి నుంచి టీకొట్టుకు అర కిలోమీటరు. తారురోడ్డు. ఏప్రిల్ ఎండ. రెండు చెప్పులూ వేసుకునే గడప దాటారు, అది గుర్తుంది. ఆ తర్వాత ఎక్కడ జారింది? నీళ్ళ ట్యాంకు దగ్గరా? ధాన్యం బరకాలు దాటేటప్పుడా? ఎన్ని అడుగులు ఉత్త కాలితో వేశారు? ఒక్క అడుగూ గుర్తులేదు. గుర్తులేకపోవడం కాదు, ఆ కాలికి ఆ అడుగులు అసలు తెలియనే లేదు.

చాంద్ బీ ముందుకు వంగి పాదం కింది వైపు చూసింది. "యా అల్లా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మడమ ముందు భాగాన కరిగిన తారు నల్లగా అంటుకుని ఉంది, దానికి చిన్న చిన్న రాళ్ళు. బొటనవేలి కింద ఉసిరికాయంత పొక్కు లేచి ఉంది. పొక్కు ఒక పక్క చితికి తడిగా ఉంది.

ఎవరైనా నవ్వుతారని చూశారు షావుకారుగారు. నవ్వితే ఇంకో కోత కొయ్యవచ్చు. ఒక్కరూ నవ్వలేదు.

"ఖాదరూ," అన్నారు. "నాకు తెలియలేదయ్యా."

ఆ పూట ఆయన చెప్పిన వాటిలో గూడెం యార్డు సంగతి తర్వాత ఇదొక్కటే నిజం.

బెంచీ మీద కూలబడ్డారు. "ఇంటికి వెళ్ళిపోతాను. రత్నాంబకి చెప్పకండి," అన్నారు. ఖాదర్ తన ఎడమ కాలి చెప్పు విప్పి ఆయన ముందు పెట్టాడు. "ఇది వేసుకోండి. ఇంటికైనా అక్కడికైనా ఆ కాలితో ఉత్తగా ఇంకో అడుగు వద్దండీ. అక్కడైతే పది అడుగులు. ఇల్లయితే అర కిలోమీటరు." షావుకారుగారు పాదం అందులో దూర్చారు. దూరిందో లేదో తెలుసుకోవడానికి వంగి చూసుకోవలసి వచ్చింది. అది చూశాక ఆయన ఇంటివైపు తిరగలేదు.

ఆరోగ్యకేంద్రంలో హన్నమ్మ పాదం కడిగింది, తారు చుట్టూ మెల్లగా తుడిచింది, పొక్కు మీద మందు గుడ్డ వేసింది. తర్వాత, "కళ్ళు మూసుకోండి బాబాయిగారూ," అంది. "తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పండి."

మూసుకున్నారు. చీకటి. ఫ్యాను చప్పుడు. గోడవతల ఎవరో దగ్గారు. ఎదురుచూశారు. అలవాటుగా "తగిలింది" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. రెండు మూడుసార్లు లెక్క ప్రకారం అనేస్తే సరిపోతుంది, ఎవరికి తెలుస్తుంది? నలభై ఏళ్ళు జనం తన మాట నమ్మారు, ఈ అమ్మాయి నమ్మదా? అనబోయారు. చాంద్ బీ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు గుర్తొచ్చింది. ఊరుకున్నారు. ఇంకా ఎదురుచూశారు. చాలాసేపయింది.

"అమ్మా," అన్నారు చివరికి, "ఇంకా మొదలెట్టలేదా?"

"నాలుగు చోట్ల తాకించానండీ," అంది హన్నమ్మ.

ఆయన కళ్ళు తెరవలేదు. రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి. హన్నమ్మ కుడి పాదానికి మారింది. అక్కడ రెండుసార్లు, చీమ పాకినంత పలచగా, తెలిసింది. తెలిసిన రెండుసార్లూ చిన్నపిల్లాడిలా "తగిలింది, తగిలింది" అన్నారు.

"రాసుకున్నావా అమ్మా?"

"రాసుకున్నానండీ."

"అయితే కాలు ఎప్పుడు తీస్తారు?"

హన్నమ్మ కలం పక్కన పెట్టేసింది. "వెంకట్రాజుగారి కాలు పరీక్ష వల్ల పోయిందనుకుంటున్నారా? ఆయన ఏలూరు వెళ్ళేసరికి ఆ పుండుకి నెలన్నర వయసండీ. నొప్పి లేదు కదా అని నెలన్నర చెరువు గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగారు. మీ పొక్కుకి ఇంకా గంట కూడా నిండలేదు. ఈ మధ్యాహ్నమే ఆకివీడులో డాక్టరుగారికి చూపించండి. పుట్టిన పూటే వచ్చారు మీరు."

"నేను రాలేదమ్మా," అన్నారు షావుకారుగారు. "పట్టుబడ్డాను."

కాలు ఉందా అని అడుగుతారు. ఉంది. పొక్కు మానడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ప్రతిరోజూ భయమే. స్పర్శ తిరిగి రాలేదు. వస్తుందని హన్నమ్మ కూడా చెప్పలేదు. ఇప్పుడు వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుంటారు, ఇంట్లో కూడా. వేడినీళ్ళలో ముందు మోచెయ్యి పెడతారు. మాత్రలు మర్చిపోరు. సాయంత్రం వెలుగుండగా అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపితే రత్నాంబగారు పాదాల కింద అద్దం పట్టి వేలు వేలూ చూస్తుంది. ఆయన మాత్రం చూడరు. ఆవిడ "ఏమీ లేదండీ" అనేదాకా కళ్ళు మూసుకునే ఉంటారు. ఇన్నాళ్ళయినా ఆ ఒక్క నిమిషం భయం పోలేదు. పోకపోవడమే మంచిదని నాకనిపిస్తుంది.

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే ఉంచుకోకండి. మీకు తెలిసిన పెద్దవాళ్ళకి చెప్పండి, పక్కింటివాళ్ళ తాతకి, పార్కులో బల్ల మీద కూర్చునేవాళ్ళకి. కొంచెం పెంచి చెప్పినా నేనేమీ అనను. రైలుని ఇంకో రెండు స్టేషన్లు నడిపించండి, కొర్రమేనుతో ఇంకో మాట మాట్లాడించండి. చెప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క మాట కూడా మార్చకండి. అక్కడ ఎవరైనా నవ్వడం మానేసి తమ కాళ్ళకేసి చూసుకుంటే, మిగిలిన కథ తర్వాత చెప్పవచ్చు. ముందు వాళ్ళకి చెప్పులు తొడిగి, చెయ్యి పట్టుకుని పాదాల పరీక్షకి తీసుకెళ్ళండి.